హోంవర్క్ యాప్‌లు: పిల్లలు కాపీ కొట్టకుండా, చదువుకు వాడుకునేలా చేయడం ఎలా?

పదో తరగతి లెక్కల పుస్తకం మీద ఫోన్ కెమెరా పెడితే చాలు, క్షణాల్లో జవాబు, దాని కింద స్టెప్పులు వచ్చేస్తున్నాయి. నల్గొండ టౌన్ పిల్లలకే కాదు, దేవరకొండ తండాల్లో, అచ్చంపేట వైపు ఊళ్లలో ఉన్న పిల్లలకు కూడా ఈ సంగతి బాగా తెలుసు. తెలియనిది ఎక్కువగా అమ్మానాన్నలకే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. తల్లిదండ్రుల మీటింగుల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న, "సార్, మావోడు ఫోన్ల చూసి రాస్తుండు, గది తప్పా కాదా?" అన్నది. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఫోన్ ఎప్పుడు తీశాడు, ఎంత చూశాడు, చూశాక ఏం చేశాడు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే ఇంట్లో, బడిలో ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

ముందుగా, ఫోన్లో ఉన్నది ఏ రకం యాపో చూడండి

అన్నీ ఒకటే అనుకుంటాం గానీ, వీటిలో మూడు రకాలున్నాయి. ఒక్కో రకం ఒక్కోలా తప్పు చేస్తుంది.

మొదటి రకం ఫోటోమ్యాత్ లాంటివి. క్రొయేషియాలో తయారై 2014లో వచ్చిన ఈ యాప్‌ను తర్వాత గూగుల్ కొనుక్కుంది. ఇది సమీకరణాన్ని ఫోటో నుంచి చదివి, గణిత నియమాల ప్రకారం సాధిస్తుంది. సరిగ్గా చదివితే జవాబు దాదాపు తప్పు పోదు. చిక్కంతా చదవడంలోనే. చేతిరాతలో మైనస్ గుర్తు సరిగా పడకపోయినా, ఘాతం చిన్నగా రాసి ఉన్నా అది వేరే లెక్క చేసి పెడుతుంది. పిల్లవాడు ఆ వేరే లెక్కనే నోట్స్‌లోకి ఎక్కిస్తాడు.

రెండో రకం డౌట్‌నట్, బ్రెయిన్లీ లాంటివి. ఎవరో ఇదివరకే చేసిపెట్టిన జవాబుల్లోంచి మన ప్రశ్నకు దగ్గరగా ఉన్నదాన్ని వెతికి ఇస్తాయి. మాటలన్నీ కలిసి ఒక్క అంకె మారినా "ఇదే మీ ప్రశ్న" అన్నట్టు ముందు పెడతాయి. అంకెలు సరిచూసుకోకపోతే పక్క లెక్క జవాబు మన నోట్స్‌లో కూర్చుంటుంది.

మూడో రకం ఏఐ చాట్‌లు. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చింది, ఆ తర్వాత జెమిని. 2024 నుంచి మన దేశంలో వాట్సాప్‌లోనే మెటా ఏఐ ఉంది, అంటే వేరే యాప్ వేసుకోకుండానే ఇవి ఇంట్లోకి వచ్చేశాయి. వ్యాసం, లేఖ, ప్రాజెక్టు, పద్య భావం ఏది అడిగినా రాసిస్తాయి. తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెప్తాయి. పిల్లలకు అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే, ఎందుకంటే తప్పు జవాబు కూడా చక్కటి భాషలో ఉంటుంది.

తప్పు ఎక్కడ మొదలవుతుంది?

పుస్తకాల షాపులో గైడ్లు, ఆల్ ఇన్ వన్‌లు మనందరికీ తెలుసు. తెల్లారి ఫస్ట్ పీరియడ్‌కు ముందు పక్కవాడి నోట్స్ చూసి రాసుకోవడమూ తెలుసు. అందుకని కాపీ కొట్టడం ఫోన్‌తో పుట్టిందని నేను అనను. ఫోన్ వచ్చాక మారింది ఒకటుంది. గైడ్‌లో లేని లెక్క ఇస్తే ఒకప్పుడు పిల్లలు ఆలోచించక తప్పేది కాదు. ఇప్పుడు టీచర్ సొంతంగా తయారు చేసి ఇచ్చిన లెక్కకూ జవాబు దొరుకుతుంది.

నేను మా పిల్లలకు పెట్టిన గీత ఇది: యాప్ చూసిన తర్వాత ఫోన్ పక్కన పెట్టి, అంకెలు మార్చిన అదే లెక్కను సొంతంగా చేయగలిగితే అది చదువు. చేయలేకపోతే అది కాపీ. జవాబు సరిచూసుకోవడానికి, ఆగిపోయిన ఒక్క స్టెప్ తెలుసుకోవడానికి, ఇంగ్లిష్‌లో ఉన్న ప్రశ్నకు తెలుగులో అర్థం తెలుసుకోవడానికి యాప్ వాడితే నాకు అభ్యంతరం లేదు. మూడోదాన్ని అయితే గట్టిగా సమర్థిస్తాను. 2022-23 నుంచి మన తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఇంట్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్లు లేని పిల్లకు ప్రశ్నే అర్థం కాకపోతే లెక్క దాకా ఎట్లా పోతుంది?

బడిలో మార్కులు పడే పని అయితే గీత ఇంకొంచెం ఇవతలికి జరుగుతుంది. మన సీసీఈ పద్ధతిలో, అంటే ఏడాది పొడవునా పిల్లల చదువును అంచనా వేసే పద్ధతిలో, ఫార్మేటివ్ అనే మధ్య మధ్య అంచనాలకు రాత పనులు, ప్రాజెక్టులు, తరగతిలో పాల్గొనడం, స్లిప్ టెస్ట్ (చిన్న రాత పరీక్ష) చూస్తారు. రాత పని, ప్రాజెక్టు ఇంటి నుంచే వస్తాయి కాబట్టి, యాప్ సాయం తీసుకుంటే ఆ మాట నోట్స్‌లో రాయాలి. ఇక పబ్లిక్ పరీక్ష సంగతి పూర్తిగా వేరు. దానికి 1997 నాటి మాల్‌ప్రాక్టీస్ నిరోధక చట్టం ఉంది. 2025 మార్చిలో పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం ఫోటో నకిరేకల్ నుంచి వాట్సాప్‌లోకి పాకిన సంగతి మన జిల్లాలో అందరికీ గుర్తుంది. హోంవర్క్‌లో ఫోన్ చూడటాన్ని దానితో కలిపి పిల్లలను దొంగల్లా చూడొద్దు. ఆ రెంటికీ తేడా ఏమిటో మాత్రం పిల్లలకు విడమరిచి చెప్పాలి.

సాయంత్రం: ఫోన్ ఇంటికి రాకముందే పని మొదలుపెట్టండి

చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. అది నాయిన జేబులో ఉంటుంది. ఆయన పొలం నుంచో, మిర్యాలగూడ మిల్లు నుంచో, ఆటో తోలి వచ్చో ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదో తొమ్మిదో. అప్పటిదాకా హోంవర్క్ ముట్టని పిల్ల, ఫోన్ చేతికి రాగానే నాలుగు సబ్జెక్టులకూ టపటపా ఫోటోలు తీసి, నిద్ర కళ్లతో జవాబులు ఎక్కించేస్తుంది. దాన్ని బద్ధకం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది టైమ్ చాలక చేసే పని. అందుకే వరుస మార్చాలి.

బడి నుంచి వచ్చి ఇంత తిన్నాక, ఫోన్ లేకుండానే హోంవర్క్ అంతా ఒకసారి చేయమనండి. వచ్చినవి చేసేస్తారు. రాని లెక్కకు కనీసం పది నిమిషాలు కూర్చోవాలి: ఏం ఇచ్చారు, ఏం కనుక్కోమన్నారు, ఏ సూత్రం పనికొస్తుందో రాయాలి. అప్పటికీ ముందుకు పోకపోతే ఆగిపోయిన చోట పెన్సిల్‌తో చుక్క గుర్తు పెట్టి, సగం పేజీ ఖాళీ వదిలి, తర్వాతి ప్రశ్నకు పోవాలి. ఫోన్ వచ్చాక ఆ చుక్కలున్నవే చూడాలి. ఇలా కొన్నాళ్లు చేసిన ఇళ్లలో ఫోన్ పని గంట నుంచి పావుగంటకు తగ్గిందని అమ్మలే నాకు చెప్పారు.

ఆ పది నిమిషాల విషయంలో రాజీ పడకండి. తల గోక్కుంటూ, కొట్టేస్తూ కూర్చున్న ఆ కాసేపటిలోనే లెక్క బుర్రలోకి దిగుతుంది. అంతకుముందే జవాబు కళ్లబడితే అదంతా తేలికే అనిపిస్తుంది, తెల్లారి స్లిప్ టెస్ట్‌లో మాత్రం చేయి కదలదు.

ఒక లెక్కను దగ్గరుండి చూద్దాం

పదో తరగతి వర్గ సమీకరణాల పాఠంలో ఇలాంటి లెక్క వస్తుంది: రెండు వరుస ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290. ఆ సంఖ్యలేవి?

పిల్ల మొదటి సంఖ్య x అనుకుంది. రెండోది x+1 అని రాసింది. ముందుకు పోవడం లేదు, చుక్క గుర్తు పెట్టింది. ఫోన్ వచ్చాక యాప్‌లో చూడాల్సింది ఒకే లైను, రెండో సంఖ్య ఏంటని. బేసి సంఖ్యలు కాబట్టి x+2. అది కనబడగానే ఫోన్ బోర్లా పెట్టేయాలి. మిగతాది తనే చేయాలి. x² + (x+2)² = 290. విస్తరిస్తే 2x² + 4x + 4 = 290. సర్దితే x² + 2x − 143 = 0. కారణాంకాలు (x+13)(x−11). కాబట్టి x = 11, సంఖ్యలు 11, 13. సరిచూడటానికి 121 + 169 = 290.

ఇప్పుడు యాప్ చివరిదాకా ఏం చేసిందో తెరిచి పోల్చుకోవాలి. చాలా యాప్‌లు నేరుగా సూత్రం వాడి 576కు వర్గమూలం 24 అని వేసి 11, −13 తెస్తాయి. జవాబు ఒకటే. అయితే ప్రశ్నలో "వర్గాన్ని పూర్తి చేయడం ద్వారా సాధించండి" అని ఉంటే సూత్రంతో చేసినదానికి స్టెప్ మార్కులు పోతాయి. అప్పుడు చేయాల్సింది x² + 2x = 143, రెండు వైపులా 1 కలిపితే (x+1)² = 144, అక్కడి నుంచి x+1 = 12 లేదా −12. యాప్‌లో వేరే పద్ధతి ఎంచుకునే చోటు ఉంటుంది, అది చూపించండి. ఏ పద్ధతి అడిగారో చూడకుండా ఎక్కించడం వల్లనే మా దగ్గర ఎక్కువ మార్కులు పోతున్నాయి.

ఇక అసలు పరీక్ష. ఫోన్ మూసి, 290 బదులు 394 పెట్టి చేయమనండి. 13, 15 వస్తే లెక్క వచ్చినట్టు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడగండి: మొదటి లెక్కలో −13ను ఎందుకు వదిలేశావ్? "ధన సంఖ్యలు అన్నడు కదా సార్" అన్న పిల్ల ప్రశ్నను చదివింది. నోరు తెరవని పిల్ల జవాబును మాత్రమే చూసింది.

చివరగా నోట్స్ అంచున చిన్నగా, "రెండో సంఖ్య x+2 అని యాప్‌లో చూశాను" అని రాయాలి. సిగ్గుపడే పనేం కాదు. రేపు టీచర్‌కు ఎక్కడ మళ్లీ చెప్పాలో దానివల్లనే తెలుస్తుంది.

సైన్స్, సోషల్, తెలుగు

లెక్కల్లో జవాబు సరిచూసుకోవచ్చు. మిగతా సబ్జెక్టుల్లో ఆ సౌకర్యం లేదు, కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. ఏఐ చాట్ రాసిన ప్రతి పేరునూ, సంవత్సరాన్నీ పాఠ్యపుస్తకంలో వెతికి టిక్ పెట్టమనండి. దొరకనిది రాయొద్దు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి మీద వ్యాసం రాస్తుంటే, గోలకొండ పత్రిక మొదలైంది 1926లో అన్నది పుస్తకంలో చూశాకే నోట్స్‌లోకి రావాలి. పద్యాలైతే ముందు భావం సొంత మాటల్లో రాసి, ఆ తర్వాతే చాట్ చెప్పిన భావంతో పోల్చుకోవాలి. తెలుగు పద్యాల విషయంలో ఈ చాట్‌లను నేను నమ్మను. కవి పేరు మార్చేస్తాయి, లేని పాదాన్ని అల్లేస్తాయి.

ప్రాజెక్టుల దగ్గర టీచర్లకు మంచి అవకాశం ఉంది. "నీటిలో ఫ్లోరైడ్" అని ప్రాజెక్టు ఇస్తే చాట్ నాలుగు పేజీలు రాసిస్తుంది. ఏ ఊరికైనా అతికే నాలుగు పేజీలు. మన జిల్లాకు మాత్రం ఆ విషయంలో సొంత చరిత్రే ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరు. ప్రాజెక్టును ఇలా అడగండి: పటిక వేసినప్పుడు మడ్డి ఎలా కడుతుందో గాజు గ్లాసులో చేసి చూసి, ఐదు నిమిషాలకొకసారి ఏం కనబడిందో బొమ్మ గీయండి. మిషన్ భగీరథ నల్లా రాకముందు మీ ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారో అమ్మమ్మనో తాతనో అడిగి, వాళ్ల మాటల్లోనే రాయండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రామ్‌ లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అనుమతిస్తారని మన ప్రమాణాలు చెప్తున్నాయి. అది చాట్‌లో చూసుకున్నా ఫర్వాలేదు. అమ్మమ్మ మోసిన బిందెల లెక్క ఏ చాట్‌లోనూ దొరకదు.

శాతాల పాఠానికి నేను వడ్ల రసీదు తెమ్మంటాను. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఇంట్లో ఎన్ని బస్తాలు పోశారు, బస్తాకు 40 కిలోల లెక్కన ఎన్ని క్వింటాళ్లు, ఎంత రావాలి? బస్తాకు కిలో తరుగు తీస్తే అది ఎంత శాతం? రెండున్నర శాతం అని తేలగానే మొత్తం డబ్బుల్లో అది ఎంతవుతుందో పిల్లలే అడక్కుండా లెక్కేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. బత్తాయి తోటలున్న ఇళ్లకు టన్ను ధర, కూలి, కిరాయి లెక్కలు ఇవ్వొచ్చు. ఈ లెక్కకు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ వాడినా నేనేమీ అనను.

చదువుకోని అమ్మానాన్నలు ఏం చేయగలరు?

చాలా చేయగలరు. "నాకు అక్షరం ముక్క రాదు సార్, నేనేం జూస్త" అని వెనక్కి తగ్గొద్దు. పాలమూరులో అమ్మానాన్నలు హైదరాబాదుకో, ఇంకా దూరానికో పనికి పోతే పిల్లలు తాత, నానమ్మల దగ్గర ఉండి చదువుకునే ఇళ్లు ఎన్నో. వాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది.

హోంవర్క్ అయ్యాక నోట్స్ మూయించి, "బిడ్డా, ఇయ్యాల ఏం లెక్క జేసినవో నాకు సమజయ్యేటట్టు చెప్పు" అనండి. మీకు అర్థం కావడం ముఖ్యం కాదు. చెప్పేటప్పుడు ఆ పిల్ల ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ "గదంతే" అని దాటేస్తుంది, అది గమనించండి. సొంతంగా చేసిన పిల్ల తడబడినా చెప్తూ పోతుంది, చేతులతో చూపిస్తుంది. ఎక్కించిన పిల్ల మొదటి ప్రశ్నకే విసుక్కుంటుంది. అలా విసుక్కుంటే కోప్పడకుండా, "మల్ల ఒక్కపారి నా ముందట జెయ్యి" అని పక్కన కూర్చోండి. దూరంగా ఉన్న అమ్మానాన్నలైతే ఫోన్ చేసినప్పుడు "హోంవర్క్ అయ్యిందా?" అని అడగడం మానేసి, "ఇయ్యాల చుక్కలు ఎన్ని పెట్టినవ్, దేనికి?" అని అడగండి.

గురుకులాల్లో చదివే పిల్లలకు దసరా, సంక్రాంతి సెలవుల్లో ఇంకో ఇబ్బంది. నెలల తరబడి ఫోన్ లేకుండా ఉండి ఇంటికొస్తారు, చేతిలో సెలవుల హోంవర్క్ మొత్తం ఉంటుంది. చివరి రెండు రోజులకు వదిలేస్తే ఫోటోలు తప్పవు. మొదటి రోజే రోజుకు ఎన్ని లెక్కలో పంచి, గోడ మీద క్యాలెండర్‌లో రాయించండి.

టీచర్లకు

కాపీని కనిపెట్టడం కష్టమేం కాదు. మనం చెప్పని పద్ధతి, తరగతిలో ఎప్పుడూ వాడని గుర్తులు, పది నోట్స్‌లలో ఒకే చోట ఒకే తప్పు. అయినా ఇవి అనుమానానికే పనికొస్తాయి, నేరం మోపడానికి కాదు. అన్ననో అక్కనో వేరే పద్ధతి నేర్పి ఉండొచ్చు. ఏఐ రాసిందో కాదో తేల్చే సాఫ్ట్‌వేర్‌లను అసలు నమ్మొద్దు. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటిదొకటి తెచ్చింది. ఏఐ రాసిన వాటిలో అది సరిగ్గా పట్టుకున్నవి 26 శాతమే. కచ్చితత్వం లేదని అదే ఏడాది జులైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

దానికన్నా రెండు నిమిషాల మాట మేలు. నోట్స్ తెరిచి ఒక స్టెప్ మీద వేలు పెట్టి, "ఈ 4 ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. పై లెక్కలో అయితే (x+2)² విస్తరణ నుంచి అని రావాలి. అరవై మందిని రోజూ అడగలేం, నిజమే. రోజుకు ఐదుగురిని అడగండి, ఎవరిని అడుగుతారో ముందు చెప్పకండి. హోంవర్క్‌లో ఇచ్చిన లెక్కనే అంకెలు మార్చి తెల్లారి స్లిప్ టెస్ట్‌లో ఇస్తామని మొదటి రోజే చెప్పండి. కాపీ కొడితే తనకే నష్టమని పిల్లలకు అప్పుడే అర్థమవుతుంది.

హోంవర్క్ తగ్గించమని కూడా గట్టిగా అడుగుతున్నాను. ఒకే రకం లెక్కలు ఇరవై ఇస్తే పదిహేను ఫోన్ నుంచే వస్తాయి. నాలుగిచ్చి, ఒక్కోదానికి "ఈ పద్ధతి ఎందుకు ఎంచుకున్నావ్?" అని ఒక వాక్యం రాయమనండి. ప్రైవేట్ బడుల్లో నోట్స్ నిండితేనే చదువు జరిగినట్టు యాజమాన్యాలు, తల్లిదండ్రులు అనుకోవడం వల్ల పిల్లల మీద పడుతున్న బరువు నాకు తెలుసు. ఆ బరువే వాళ్లను ఫోన్ వైపు తోస్తోంది.

కాపీ అని తేలితే తరగతి ముందు నిలబెట్టొద్దు. పక్కకు పిలిచి ఎందుకు చూశావో అడగండి. రాకనా, టైమ్ లేకనా, భయంతోనా? రాకపోతే మళ్లీ చెప్పాలి. టైమ్ లేకపోతే ఇంట్లో పనేంటో తెలుసుకోవాలి. పత్తి ఏరే రోజుల్లో సాయంత్రాలు చేలో గడిపే పిల్లలు మనకున్నారు. తర్వాత అదే లెక్క అంకెలు మార్చి మన ముందే చేయించి, దానికే మార్కులు వేయాలి.

ఫోన్లో చేయాల్సిన సర్దుబాట్లు

పిల్లలకు ఇచ్చే ముందు ఇవి చూసుకోండి. చాట్‌జీపీటీకి 13 ఏళ్లు నిండాలి, 18 దాటనివారికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. పిల్లల పేరు, బడి పేరు, ఆధార్, హాల్‌టికెట్ ఉన్న కాగితం ఏ యాప్‌లోనూ ఫోటో తీయొద్దు, లెక్క ఉన్న భాగం వరకే తీయాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి ఒక్కో యాప్‌కు రోజుకు ఇన్ని నిమిషాలని టైమర్ పెట్టొచ్చు. పిల్లలకు వేరే ఫోన్ ఉంటే, దాని వాడకాన్ని పెద్దలు తమ ఫోన్ నుంచే అదుపు చేసే గూగుల్ ఫ్యామిలీ లింక్ పనికొస్తుంది.

డబ్బు కట్టి యాప్ కొనాల్సిన అవసరం మన పిల్లలకు లేదని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు ఉచితంగా వస్తాయి. తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్‌లో తెలుగులోనే పాఠాలున్నాయి. అప్పటికే ఏదైనా యాప్‌కు "ఉచిత ట్రయల్" అని నొక్కి ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కట్ కావడం ఆగదు. ప్లే స్టోర్‌లో పైన ఉన్న ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి, సబ్‌స్క్రిప్షన్స్‌లో ఆ యాప్ పేరు పట్టి క్యాన్సిల్ నొక్కండి. యూపీఐ ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టి ఉంటే ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆ ఆటోపే కూడా రద్దు చేయండి.